పైసలొచ్చే నెలల్లోనే బడికి సెలవులు: ఒంటరిగా పిల్లల్ని పెంచేటోళ్లకు ఏ పని కుదురుతది?

  2025ల ఏప్రిల్ 23 మన తెలంగాణ బళ్లకు ఆఖరి పనిదినం. 24 నుంచి ఎండకాలం సెలవులు, మళ్లీ జూన్ 12న తెరిచిన్రు. పిల్లలకు పండుగే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఎట్లనో ఒకట్ల సర్దుకుంటరు. సంపాదించేది ఒక్కరే, పిల్లను చూసుకునేదీ ఆ ఒక్కరే అయిన ఇండ్లల్ల మాత్రం ఈ తారీఖు దగ్గరికొస్తుంటే నిద్ర పట్టదు. నాదీ అసుంటి ఇల్లే. నా కొడుకు మూడో తరగతి. మేమిద్దరం కరీంనగర్‌ల కిరాయికి ఉంటం. మా అమ్మ వాళ్లది ధర్మపురి దిక్కు పల్లె.

బడి సెలవులకు కుదిరే పని అని యూట్యూబ్‌ల వెతికితే ఎక్కువగా బయటి దేశాల వీడియోలే వస్తయి. ఇంగ్లండ్‌ల బడి నడిచే వారాలకే ఒప్పందం రాసుకునే కొలువులు ఉన్నయట. బడి బంద్ అయితే ఆమె పని కూడా బంద్. వినడానికి మంచిగుంటది. మన దగ్గర అట్ల వెతికితే దొరికేది చాలా తక్కువ, దొరికినా కడుపు నిండదు. ఎందుకంటే మన దిక్కు పని లెక్కే వేరు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలల్ల, అంటే ఇప్పటి జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అన్నీ కలుపుకొని, చేతికి పైసలొచ్చే నెలలూ బడి మూసే నెలలూ దాదాపు ఒక్కటే. ఈ ఒక్క మాట అర్థమైతే మనం వెతికే పద్ధతే మారుతది. అందుకే ముందు లెక్క చూద్దాం.

ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు. అందరూ ఇదే లెక్క చెప్తరు. గాని ఒంటిపూట బడులు మరిచిపోతరు. 2025ల మార్చి 15న ఒంటిపూట మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి పోతరు, పన్నెండున్నరకు బువ్వ తిని ఇంటికొస్తరు. మార్చి 15 నుంచి ఏప్రిల్ 23 దాకా లెక్కవెడితే 40 రోజులు. 40, 49 కలిపితే 89. మధ్యల ఆదివారాలు ఉంటయి, అది వేరే ముచ్చట. ఏటా మూడు నెలల పాటు మధ్యాహ్నం తర్వాత మన పిల్లగాడు ఎక్కడుంటడు అన్న ప్రశ్నకు బడి జవాబియ్యదు. దీనికి దసరా కలుపుండ్రి. 2024ల అక్టోబర్ 2 నుంచి 14 దాకా 13 రోజులు. సంక్రాంతికి ఇంకో వారం. మనం పని అడగవోతే వాళ్లు మనల్ని అడిగేది ఒక్కటే: "రోజూ వస్తవా?" ఈ లెక్క చేతుల లేకుండ ఆ ప్రశ్నకు అవునని అనొద్దు.

ఇగ పనుల దగ్గరికి వద్దాం.

దుకాణాలతోటి మొదలుపెడుత, నేను చేసింది అదే కాబట్టి. కరీంనగర్‌ల బట్టల దుకాణాలు, బంగారం దుకాణాలు, సూపర్‌మార్కెట్లు ఆడోళ్లను చాలామందిని తీసుకుంటయి. చదువు పెద్దగా అడగరు, నెల జీతం, నీడపట్టున పని. నేనొక బట్టల దుకాణంల చీరల కౌంటర్ మీద రెండేండ్లు చేసిన. పేరు చెప్పను. పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిది అయ్యేది. బడి రోజుల్ల నాలుగింటికి వచ్చిన పిల్లగాన్ని పక్కింటి అవ్వ చూసేది. ఎండకాలంల పెండ్లిండ్ల గిరాకీ, దసరా ముంగట బతుకమ్మ గిరాకీ, తర్వాత సంక్రాంతి. సెలవు అడిగితే సేటు ఒక్కటే మాట: "సీజన్‌ల ఎవ్వరికీ సెలవు లేదు." ఆయన దిక్కు నుంచి చూస్తే అది సహజమే. ఏడాది లాభమంతా ఆ మూడు సీజన్లల్లనే వస్తది. మన దిక్కు నుంచి చూస్తే బడి మూసిన దినాలన్నీ దుకాణానికి సీజన్ దినాలే. రెండో ఎండకాలంల మా అమ్మకు కాలు విరిగి పిల్లగాన్ని ఊరికి పంపే దారి లేక పది రోజులు పోలేదు. పదకొండో రోజు పోతే నా కౌంటర్ మీద వేరే అమ్మాయి ఉంది. దుకాణం పని చెడ్డదని నేను అనను. ఆ మూడు సీజన్లల్ల పిల్లను పొద్దంతా చూసే మనిషి ఖాయంగ ఉంటేనే అది మనకు పని.

బడితోటి సమానంగ నడిచే పనులు లేవా అంటే ఉన్నయి. బళ్లె మధ్యాహ్న భోజనం వండే పని అచ్చంగ అట్లనే ఉంటది. పిల్లలు బడికి వచ్చిన రోజే వంట, సెలవంటే సెలవు. మన బిడ్డ అదే బళ్లె చదివితే కండ్ల ముంగటే ఉంటది. గాని వచ్చేది గౌరవ వేతనం, నెలకు 3,000 రూపాయలు. కేంద్రం తన వంతు ఏడాదికి పది నెలలకే లెక్కగడుతది. ప్రైవేటు బళ్లల్ల టీచర్, ఆయా పనులూ ఇట్లాంటివే. పిల్లకు ఫీజుల కొంత తగ్గిస్తరు, అది పెద్ద ఆసరా. జీతం మాత్రం చాలా చోట్ల పది నెలలకే. చేరేటప్పుడే "మే నెల జీతం ఉంటదా మేడం" అని మొహమాటం లేకుండ అడుగుండ్రి. లేదంటే ఆ పది నెలల జీతాన్ని పన్నెండుతో భాగించి, ఆ వచ్చిన దాన్నే మీ జీతం అనుకోవాలె. ఎనిమిది వేలు అని చెప్పిన కొలువు అప్పుడు ఆరు వేల ఆరు వందల చిల్లరకు దిగుతది.

మన దిక్కు ఆడోళ్లకు ఇంట్ల కూసొని చేసే పని అంటే మొదలు గుర్తొచ్చేది బీడీలు. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు ఏ వాడకట్టుకు పోయినా చాట ఒళ్లె పెట్టుకొని కూసున్న అక్కలు కనవడుతరు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎప్పుడు చేస్తవో ఎవ్వడూ అడగడు. పిల్లగాడు పండుకున్నంక చెయ్యొచ్చు, జ్వరమొస్తే ఆపొచ్చు. సెలవులకు ఇంతకంటే కుదిరే పని ఇంకోటి లేదని మా అమ్మ తరం వాళ్లు అంటరు. అది నిజమే, గాని సగం నిజం. కార్ఖానా నెల పొడుగునా పని ఇస్తదని లేదు, ఆకు ఇచ్చిన రోజులకే కూలి. ఇచ్చిన ఆకుల పగిలినవి, ఎండినవి పోను లెక్క సరిపోకపోతే ఆ నష్టం మన మీదనే. తంబాకు దుమ్ము ఇల్లంతా ఉంటది, తినే బువ్వల, పండుకునే బొంతల. ఇంకోటి ఉంది, అదే నాకు పెద్దగ కనవడుతది. సెలవుల్ల పిల్ల పక్కన కూసుంటది. మొదటి రోజు దారం అందిస్తది, రెండో రోజు ఆకు కత్తిరిస్తది, వారం తిరిగేసరికి కట్టలు కడుతది. ఎవ్వరూ బలవంతం చెయ్యరు. అమ్మకు సాయమని పిల్లే చేస్తది. వెయ్యి తొందరగ అయితది కాబట్టి మనం వద్దనం. ఇంటి పనిల పిల్లలు సాయం చేస్తే తప్పులేదని బాల కార్మిక చట్టంల 2016ల ఒక సడలింపు వచ్చింది, గాని బీడీల పని దాని కిందికి రాదు. అది ప్రమాదకరమైన పనుల జాబితాల ఉంది. చట్టం ముచ్చట పక్కకు పెట్టినా, జూన్‌ల బడి తెరిచేసరికి ఆ పిల్ల చేతి సంపాదన ఇంటి ఖర్చుల కలిసిపోయి ఉంటది. ఏడో తరగతికి వచ్చిన ఆడపిల్లను మళ్లీ పంపాల్నా వద్దా అనే ముచ్చట అక్కడనే మొదలైతది. కాబట్టి బీడీలు చేస్తే చెయ్యుండ్రి, గాని పీఎఫ్ ఉన్న కార్ఖానాల మీ పేరు మీదనే కార్డు ఉండేటట్టు చూసుకోండ్రి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్రం స్కాలర్‌షిప్పులు ఇస్తది, ఆ కార్డు అప్పుడు అక్కరకొస్తది. చాట మాత్రం పిల్ల చేతికి ఇయ్యొద్దు.

ఆదిలాబాద్ దిక్కు ముచ్చట ఇంకో తీరు. మా పెద్దమ్మ బిడ్డ ఇంద్రవెల్లి దగ్గర ఉంటది. బావ చనిపోయి నాలుగేండ్లు. ఇద్దరు పిల్లలు. ఆమె ఏడాది చెప్తే వినుండ్రి: మార్చి, ఏప్రిల్‌ల ఇప్పపువ్వు ఏరుడు. ఏప్రిల్ చివర నుంచి మే దాకా తునికాకు. ఖాళీ దొరికితే ఉపాధి హామీ. వానకాలం కలుపు. దసరా దాటితే సంక్రాంతి దాకా పత్తి ఏరుడు. ఒక్క కలుపు రోజులు తప్ప మిగతా అన్నీ ఏదో ఒక సెలవుకో, ఒంటిపూటకో ఆనుకొని ఉన్నయి.

తునికాకు నడిచేది కొన్ని వారాలే, గాని ఆ పైసలు చాలా ఇండ్లల్ల ఏడాది అప్పు తీరుస్తయి. తెల్లారకముందే అడవికి పోవాలె, ఎండ ముదరకముందు ఆకు తెంపుకొని రావాలె. పగలు నీడల కూసొని 50 ఆకులకు ఒక కట్ట కట్టాలె, సాయంత్రం కల్లం కాడ అప్పజెప్పాలె. ఇండ్ల అందరూ కదిలితేనే కట్టలు లేస్తయి. ఒంటరి మనిషికి ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, తెల్లారి మూడు నాలుగింటికి పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలె? మా అక్క ఆమె అత్త దగ్గర వదులుతది, పోయి వచ్చేసరికి పది అయితది. కట్టలు కట్టుడు ఇంటి కాడనే కాబట్టి మిగతా పొద్దు పిల్లలతోనే. ఆ లెక్కన ఎండకాలం పనుల్ల ఇది ఒంటరి తల్లికి కొంత నయం. రెండో చిక్కు పేరుది. కల్లం కాడ ఆకు ఎవరి పేరు మీద రాస్తున్నరు? ఒంటరి ఆడోళ్లది చాలా సార్లు మరిది పేరు మీదనో, అన్న పేరు మీదనో పడుతది, "అంతా ఒక్కటే కదా" అని. తునికాకు బోనస్ తర్వాత ఎప్పుడో వస్తది, అది రాసిన పేరు ఉన్న ఖాతాలనే పడుతది. అప్పుడు అడిగితే ముఖం తిప్పుకుంటరు. మొదటి రోజే కల్లేదారుకు "అన్నా, నా పేరు మీద రాయి" అని చెప్పాలె.

ఉపాధి హామీల కూడా ఇదే పేరు ముచ్చట. ఇది ఊర్లల్ల ఉన్నోళ్లకే, మున్సిపాలిటీల ఉన్న నా అసుంటోళ్లకు లేదు. ఏడాదికి ఇన్ని రోజులు అంటరు కదా, ఆ రోజులు మనిషికి కాదు, ఇంటికి. భర్తను విడిచిపెట్టి తల్లిగారింటికి వచ్చిన ఆమె అమ్మానాన్నల జాబ్ కార్డుల పేరు ఎక్కిచ్చుకుంటే ఆ రోజులు అందరూ పంచుకోవాలె. వేరుగ వండుకొని వేరుగ ఉంటున్నరంటే మీది వేరే ఇల్లు, మీరు వేరే కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పంచాయతీల అడుగుండ్రి, రశీదు తీసుకోండ్రి. 2025ల మన రాష్ట్రంల రోజు కూలి 307 రూపాయలు, అది కూడా కొలత ప్రకారం. ఎండకు భయపడి పొద్దుగాలనే పని మొదలువెడుతరు, పదకొండింటి దాకా ఇంటికి రావొచ్చు. ఒంటిపూట రోజుల్ల ఇది అచ్చం సరిపోతది, పిల్ల బడి నుంచి రాకముందే మనం ఇంట్ల ఉంటం. చాలామందికి తెలవని ముచ్చట ఇంకోటి చట్టంలనే ఉంది: పని కాడికి చిన్న పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ వస్తే వాళ్లను చూసేటందుకు ఒక ఆమెను పెట్టాలె, ఆమెకు కూడా అందరితోపాటు కూలి కట్టాలె. అడగకపోతే ఎవ్వరూ పెట్టరు. ఐదుగురు తల్లులు కలిసి ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడిగితే కాదనేటందుకు లేదు. గడ్డపార పట్టలేని ఒంటరి అవ్వకు ఆ పని ఇప్పిస్తే ఇద్దరికీ మేలు.

పత్తి గురించి ఎక్కువ చెప్పను. కిలో లెక్కన కూలి, దసరా సెలవుల్ల పిల్లల్ని చేనుకు తోలుకపోతరు, పొట్టి చేతులకు పత్తి తొందరగ వస్తదని ఆసామి కూడా వద్దనడు. నేను దీనికి గట్టిగ వ్యతిరేకం. చేన్ల మందు కొట్టి ఉంటది. కాగజ్‌నగర్ దిక్కు అయితే ఇంకో భయం, 2024 నవంబర్‌ల పత్తి ఏరబోయిన ఒక చెల్లెను పులి చంపింది. ఎవ్వరి దగ్గర వదిలినా సరే, చేనుకు మాత్రం వద్దు.

ఇగ ఎండకాలంల నీడపట్టున దొరికే పనులు. ఇవి మహిళా సంఘంల ఉన్నోళ్లకే. సర్కారు బళ్ల యూనిఫాంలు ఇప్పుడు సంఘాల ఆడోళ్లతోటి కుట్టిస్తున్నరు. బడి తెరిచే రోజుకు పిల్లల ఒంటి మీద ఉండాలె కాబట్టి కుట్టుడు అంతా ఏప్రిల్, మే, జూన్‌ల. 2024ల జతకు కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలకు పెంచిన్రు. నేను దుకాణం పోయినంక పీకో, ఫాల్, జాకెట్లు కుట్టుకుంటనే బతుకుతున్న, పోయిన ఎండకాలం యూనిఫాం నిక్కర్లు కూడా కుట్టిన. మిషన్ పక్కన కొడుకు, కూలర్ ముంగట వాని బొమ్మల పుస్తకం. వాడు గుండీలు లెక్కవెడతనంటడు, లెక్కవెట్టనిస్త, సూది ఇయ్యను. పల్లెల ఐకేపీ వాళ్లను, పట్నంల మెప్మా రిసోర్స్ పర్సన్‌ను అడుగుండ్రి. సంఘంల లేకపోతే ఈ సీజన్‌కు అందదు, గాని వచ్చే ఎండకాలానికి ఇప్పుడే చేరాలె. ఉట్నూరుల ఆదివాసీ ఆడోళ్లు సంఘం పెట్టుకొని ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నరు. పువ్వు ఏరి అమ్మేస్తే వచ్చేదానికీ లడ్డూ చేసి అమ్మితే వచ్చేదానికీ తేడా మీకు తెలుసు. వడ్ల కొనుగోలు సెంటర్లు కూడా సంఘాలే నడుపుతయి, అదీ ఎండకాలమే. కాకపోతే పొద్దంతా కల్లం కాడ ఉండాలె, రాత్రి లారీ వస్తే ఆగాలె. చిన్న పిల్లలున్న ఒంటరి తల్లికి నేను చెప్పను.

ఫోన్‌ల వచ్చే పని గురించి మీరు అడుగుతరని తెలుసు. "ఇంట్ల కూసొని పెన్సిళ్లు ప్యాక్ చెయ్యుండ్రి, నెలకు ముప్పై వేలు" అని ఒక పోస్టు తిరుగుతది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు అంటే అది పని కాదు, మోసం. టెలిగ్రామ్‌ల లైకులు కొట్టే టాస్కులు ఇంకా ఘోరం, మొదట 150 వేస్తరు, తర్వాత మనతోనే వేలు వేయిస్తరు. పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె, ఆలస్యం చేస్తే పైసలు తిరిగి పట్టుకునుడు కష్టం. పని ఇచ్చేటోడు మనకు పైసలియ్యాలె, మనం వానికి కాదు.

మరి జీతం తక్కువ, పని సీజన్‌ది, ఎట్ల ఎళ్లదీయాలె? కొన్ని ఆధారాలున్నయి. భర్త చనిపోయినోళ్లకు వితంతు పింఛన్ ఉంది. విడిగా ఉంటున్నోళ్లకు ఒంటరి మహిళ పింఛన్ 2017ల వచ్చింది, భర్తకు దూరమై ఏడాది దాటి ఉండాలె. రెండూ 2025ల నెలకు 2,016 రూపాయలు. బీడీ కార్మికులకూ అంతే, గాని ఒక మనిషికి ఒక్క పింఛనే. గోదావరిఖనిల నాకు తెలిసిన ఒక అన్న ఉన్నడు, ఆటో నడుపుతడు, వదిన పోయినంక ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కడే సాదుతున్నడు. "చెల్లే, నాకేముంది?" అని అడిగిండు. ఒంటరి తండ్రి అనే పేరుతోటి పింఛన్ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 730 రోజుల పిల్లల సంరక్షణ సెలవు ఒంటరి తండ్రికి కూడా ఉంది. ఆటో అన్నకు అది ఎక్కడిది? ఆయన చేసిన ఉపాయం ఏందంటే సెలవుల్ల పొద్దున ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా, మళ్లీ సాయంత్రం షిఫ్ట్ మారే టైంకు మాత్రమే ఆటో తీస్తడు. పగలు పిల్లల దగ్గర ఉంటడు. పెద్ద బిడ్డ ఆరోకు వచ్చింది, కస్తూర్బాల వేసే ఆలోచన చేస్తుండు. తల్లి గాని తండ్రి గాని లేని ఆడపిల్లలకు అక్కడ ముందు వరుస ఇస్తరు. మంచి దారే, గాని గుర్తుపెట్టుకోండ్రి, హాస్టల్‌కు కూడా ఎండకాలం సెలవులుంటయి. గురుకులంల వేసినా, ఆశ్రమ పాఠశాలల వేసినా ఆ పిల్ల మన ఇంటికే వస్తది.

విడిపోయిన భర్త పిల్లకు ఖర్చు ఇయ్యాలె, అది దయ కాదు. ఆడోళ్లకు ఆదాయంతోటి సంబంధం లేకుండ వకీలును ఫ్రీగ పెట్టిస్తరు. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. దాని మీద వేరే వీడియో చేస్త.

పింఛన్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల మనకు ఫ్రీ. అంతకుముందు పిల్లగాన్ని అమ్మ దగ్గర వదిలితే నెలకు ఒక్కసారి పోయి చూసేదాన్ని. ఇప్పుడు ప్రతి ఆదివారం పోత. నాకు జీరో టికెట్, నా కొడుక్కు హాఫ్ టికెట్. ఆడపిల్లయితే ఆమెకూ ఫ్రీయే. పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరంల తల్లిగారిల్లు ఉంటే పిల్లను వారం అక్కడ, వారం ఇక్కడ అని పంచుకోవచ్చు. ఏడు వారాలు ఒకే తీర్గ వదిలితే అవ్వ కూడా అలసిపోతది. మా అమ్మ నోరు విడిచి చెప్పదు గాని నాకు తెలుసు.

తల్లిగారిల్లు లేనోళ్లు ఏం చెయ్యాలె? జత కట్టాలె. మా గల్లీల మేము ముగ్గురం. ఒక అక్క బీడీలు చేస్తది, ఒక చెల్లె హాస్పిటల్‌ల క్లీనింగ్‌కు పోతది, పొద్దుటి షిఫ్ట్. నేను మిషన్. పొద్దున ముగ్గురి పిల్లలు నా దగ్గర, ఎందుకంటే బీడీల ఇంట్ల తంబాకు ఉంటది కాబట్టి అక్కడ వద్దనుకున్నం. రెండింటికి చెల్లె వస్తది, అప్పటినుంచి ఆమె ఇంట్ల. అక్క పిల్లల్ని చూడదు గాని ముగ్గురికీ పగటి వంట ఆమెదే. పైసలు ఎవ్వరూ ఎవ్వరికీ ఇయ్యరు. ఒక్క నియమం పెట్టుకున్నం: రాలేనంటే ముందు రోజు రాత్రి చెప్పాలె. మే నెల స్టేడియంల ఆటల క్యాంపు పెడితే పొద్దున రెండు గంటలు అదొక ఆసరా, జిల్లా గ్రంథాలయంల ఫ్యాన్ కింద ఇంకో రెండు గంటలు. ఆరేండ్ల లోపోళ్లకు అంగన్‌వాడీ ఉంది, గాని ఎండకాలం అక్కడ కూడా సెలవులుంటయా లేదా టీచరమ్మను ముందే అడుగుండ్రి.

నెల జీతం పనిల ఉన్నోళ్లకు ఒక్క మాట. సెలవు అడిగే టైం మే నెల కాదు. ఫిబ్రవరిల, గిరాకీ మొదలు కాకముందు అడగాలె, సెలవు అని కాకుండ గంటలు అని అడగాలె. "సేటూ, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా నేను పొద్దున పది నుంచి మూడింటి దాకా వస్త, దానికి తగ్గ జీతం ఇయ్యి. దసరా ముంగట వారం రాత్రి దాకా ఉంట." ఇట్ల తారీఖులతోటి చెప్తే వాళ్లు కూడా లెక్కవేసుకుంటరు. "పిల్లగానికి సెలవులు సార్" అని ఒట్టిగ అంటే వాళ్లకు కనవడేది ఇబ్బంది మాత్రమే. నా దోస్తు ఒకామె మందుల దుకాణంల ఇట్లనే ఒప్పించుకుంది, మూడేండ్ల నుంచి అక్కడనే ఉంది. నలుగురు ఒప్పుకోకపోవచ్చు, ఐదో దుకాణం ఒప్పుకుంటది.

ఆఖరి పనిదినం నాడు ప్రోగ్రెస్ కార్డుల కోసం బడికి పోతరు కదా. అక్కడ మీ గల్లీ తల్లులు, అవ్వలు అందరూ ఒక్క కాడ దొరుకుతరు. ఒక ఇద్దరి నంబర్లు తీసుకొని, "మే నెల మీరేం చేస్తున్నరు?" అని అడిగి రండ్రి. మీ మండలంల యూనిఫాం కుట్టుడు ఎవ్వరికి ఇస్తున్నరో, ఉపాధి పని కాడ పిల్లలకు నీడ ఉందో లేదో కింద రాయుండ్రి, వచ్చే ఎపిసోడ్‌ల మండలం పేరుతోటి చదువుత. ఉంట మరి, మిషన్ మీద ఇంకా పన్నెండు జాకెట్లున్నయి.